సానియా డబుల్స్‌కి దిగిందా, ఎక్కిందా?

"సింగిల్స్‌లో నెగ్గుకురాలేక డబుల్స్‌కి మళ్ళింది." సానియా మీర్జా గురించి ఎక్కడ చర్చ జరిగినా నాలుగో మాటగానో ఐదో మాటగానో ఇది వచ్చి తీరుతుంది. ఈ మధ్య ఒక వ్యాసంలో మళ్ళీ కనబడింది. రాసినాయనకి ఆవిడ మీద కోపమేమీ లేదు, పైగా బోలెడు అభిమానం. ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు, 43 డబుల్స్ టైటిళ్ళు, 91 వారాల నంబర్ వన్ ర్యాంకు, అన్నీ లెక్కగా రాసి, చివర్లో "సింగిల్స్ వదిలేసినా సరే" అని ఓ నిట్టూర్పు విడిచారు. ఆ నిట్టూర్పుతోనే నా పేచీ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆవిడ సింగిల్స్ తొందరపడి వదిలెయ్యలేదు. ఆ మాటకొస్తే కాస్త ఆలస్యంగానే వదిలింది. ఈ రెండో ముక్క మీద నాకూ అనుమానాలున్నాయి, అవి తర్వాత.

27వ ర్యాంకు దాకా ఎలా వెళ్ళింది, అక్కడే ఎందుకు ఆగింది

2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో అలోనా బొండరెంకో మీద 6-4, 5-7, 6-3. డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టూర్) సింగిల్స్‌లో ఆవిడకి మొదటి టైటిల్ అది, చివరిదీ అదే. కొద్ది రోజులకే దుబాయ్‌లో, అప్పటి యూఎస్ ఓపెన్ ఛాంపియన్ కుజ్నెత్సోవాని 6-4, 6-2తో ఓడించింది. ఆ సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండు. 2007 ఆగస్టుకి ర్యాంకు 27. ఇదంతా అందరికీ తెలిసిందే. అడగాల్సిన ప్రశ్న వేరు: ఛాంపియన్లని కొట్టగలిగిన మనిషి టైటిళ్ళు ఎందుకు కొట్టలేకపోయింది?

మొదటి కారణం రెండో సర్వీసు. మొదటి సర్వీసు తప్పితే నిదానంగా, పొట్టిగా పడే బంతి వచ్చేది. సింగిల్స్‌లో రిటర్న్ చేసేవాళ్ళకి ఇంతకన్నా కావలసిందేముంది? రెండడుగులు లోపలికొచ్చి, 27 అడుగుల వెడల్పున్న కోర్టులో ఎక్కడికైనా కొట్టుకోవచ్చు. అడ్డం నిలబడేవాళ్ళెవరూ ఉండరు. అది తెలిసి రెండో సర్వీసుకి బలం పెంచితే అదీ తప్పి పాయింటు పోయే డబుల్ ఫాల్టులు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రెండోది కాళ్ళు. ఆవిడ ఆటంతా ఫోర్‌హ్యాండ్ చుట్టూ కట్టింది. బ్యాక్‌హ్యాండ్ మూలకి వచ్చిన బంతికి కూడా చుట్టూ తిరిగొచ్చి ఫోర్‌హ్యాండే కొట్టాలంటే ఎడమ పక్కకి జరగాలి. జరిగితే కుడి పక్క ఖాళీ. ఆ మొదటి దెబ్బకే పాయింటు అయిపోతే సరే, బంతి తిరిగొస్తే మాత్రం ఇంకో చివరిదాకా పరుగెత్తాలి. ఒకట్రెండు రౌండ్లు ఇలా నడిచిపోతుంది. వారంలో ఐదారు మ్యాచ్‌లు ఆడి టైటిల్ కొట్టాలంటే, దెబ్బ తిరిగి కొట్టే మనిషి ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది.

ఇక ఆ ఫోర్‌హ్యాండ్ సంగతి. దాని వేగం భుజంలోంచి కంటే మణికట్టులోంచి ఎక్కువ వచ్చేది. వదులుగా వంగే కీళ్ళు కావడంతో, చివరి క్షణంలో మణికట్టుని కొరడాలా విదిలించేది. బంతి ఏ పక్కకి పోతుందో అవతలి వాళ్ళకి అందేది కాదు. కానీ ఆ విదిలింపు భారమంతా ఒక్క కీలు మీదే. 2008లో కుడి మణికట్టుకి ఆపరేషన్ అయింది. ఆ ఏడాదే బీజింగ్ ఒలింపిక్స్‌లో ఇవెటా బెనెషోవాతో మొదటి రౌండ్లో నొప్పి భరించలేక మధ్యలోనే తప్పుకుంది. ఆవిడని పైకి తెచ్చిందీ, పడేసిందీ ఒకటే.

ఆ నాలుగేళ్ళు

"వదిలేసింది" అనేవాళ్ళు 2008కీ 2012కీ మధ్య ఏం జరిగిందో గబగబా దాటేస్తారు. ఆపరేషన్ తర్వాత నాలుగేళ్ళు ఆవిడ సింగిల్స్ ఆడుతూనే ఉంది. 2009లో పట్టాయా ఫైనల్ దాకా వెళ్ళింది. 2010 గ్వాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో సింగిల్స్ కాంస్యం, మన విష్ణువర్ధన్‌తో కలిసి మిక్స్‌డ్ రజతం తెచ్చింది. ర్యాంకు పడిపోయినప్పుడు చిన్న టోర్నీలకి కూడా వెళ్ళింది.

2011 ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండు నాకు బాగా గుర్తుండిపోయిన మ్యాచ్. సానియా క్వాలిఫయింగ్ ఆడి మెయిన్ డ్రాలోకి వచ్చింది. గ్రాండ్‌స్లామ్‌లో నేరుగా ప్రవేశం లేకపోతే ముందు వారం మూడు రౌండ్లు గెలవాలి, అప్పుడే అసలు టోర్నీ మొదలు. ఎదురుగా జస్టిన్ హెనిన్, ఏడు గ్రాండ్‌స్లామ్‌ల మనిషి. మొదటి సెట్ సానియా 7-5తో తీసుకుంది. తర్వాత రెండూ 3-6, 1-6. ఒక సెట్టు పాటు ఎవరితోనైనా సమానంగా నిలబడే దెబ్బ ఇంకా ఆ చేతిలో ఉందనీ, దాన్ని రెండు గంటలపాటు మోసే ఒళ్ళు లేదనీ ఆ స్కోరులోనే తెలిసిపోతోంది. ఇంకో విచిత్రం, హెనిన్ కూడా ఆ టోర్నీ తర్వాత మోచేతి గాయంతో పూర్తిగా ఆట మానేసింది. ఆవిడని ఎవరూ "వదిలేసింది" అనలేదు.

అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్‌లో ఎలెనా వెస్నినాతో కలిసి మహిళల డబుల్స్ ఫైనల్. ఓడిపోయారు, అది వేరే విషయం. 2012 వచ్చేసరికి మణికట్టుతో పాటు రెండు మోకాళ్ళకీ కత్తి పడిన ఒళ్ళు. రెండు గంటల సింగిల్స్ మ్యాచ్ ఆడి, అదే సాయంత్రం డబుల్స్‌కి దిగడం ఎన్నాళ్ళు సాగుతుంది? 2012తో సింగిల్స్ ఆపేసింది. నన్నడిగితే, 2009లో మహేశ్ భూపతితో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్ గెలిచిన రోజే దారి కనబడింది. మూడున్నరేళ్ళు అటూ ఇటూ నడిచింది.

అదే సర్వీసు, అదే ఫోర్‌హ్యాండ్, వేరే కోర్టు

డబుల్స్ అంటే సింగిల్స్‌లో సగం అని చాలామంది లెక్క. కోర్టు చూస్తే అలాగే ఉంటుంది. వెడల్పు 36 అడుగులు, మనిషికి 18. కాళ్ళ పని తగ్గేమాట నిజమే. కానీ దాంతో పాటు బంతి వెళ్ళే దారులన్నీ మారిపోతాయి. ఆ మార్పు సానియా ఆటకి ఎంత బాగా కుదిరిందో ఒక్కో దెబ్బనీ పట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

సర్వీసునే తీసుకోండి. సింగిల్స్‌లో ఏ సర్వీసు మీద దాడి చేసేవారో, అదే సర్వీసుకి డబుల్స్‌లో కాపలా ఉంటుంది. సర్వ్ చేసే మనిషి భాగస్వామి నెట్ దగ్గర నిలబడి ఉంటుంది. రిటర్న్ చేసేవాళ్ళు లైను వెంబడి కొట్టాలంటే ఆమెని దాటించాలి, క్రాస్‌కోర్టు, అంటే అడ్డంగా అవతలి మూలకి, కొట్టినా ఆమె అడ్డంగా దూకి అందుకోవచ్చు. అందుకే డబుల్స్‌లో సర్వీసు వేగం కంటే చోటు ముఖ్యం. మధ్య గీత మీదో, ఒంటి మీదకో ముప్పావు బలంతో వేసిన మొదటి సర్వీసు లోపల పడితే చాలు. మధ్యలోంచి వచ్చే రిటర్న్‌కి కోణం దొరకదు, బంతి నెట్ దగ్గరున్న మనిషి చేతుల్లోకే వస్తుంది. సర్వీసుకి ముందు వీపు వెనక వేళ్ళతో సైగలు చేస్తారే, దాటాలా, నిలబడాలా, సర్వీసు ఎటు పడాలి అన్నది అప్పుడే తేలిపోతుంది. నెట్ దగ్గర, 2015లో సానియాకి జోడీ అయిన మార్టినా హింగిస్ లాంటి మనిషి ఉంటే, సానియా సర్వీసు ఎంత నిదానమో గుర్తుంచుకునే తీరిక కూడా ఎవరికీ ఉండదు.

ఇప్పుడు ఫోర్‌హ్యాండ్. డబుల్స్‌లో రిటర్న్ చేసే మనిషికి ఖాళీ తక్కువ. నెట్ దగ్గరి మనిషి చేతికి అందకుండా, డబుల్స్ కోసం కోర్టుకి పక్కన కలిపే నాలుగున్నర అడుగుల ట్రామ్ లైన్ల వైపుకో, సర్వ్ చేసిన మనిషి పాదాల దగ్గరికో బంతిని దించాలి. మెల్లగా కొడితే మధ్యలోనే చంపేస్తారు. సానియా రిటర్న్ బలంగా, ఆలస్యంగా విప్పిన మణికట్టుతో వచ్చేది కాబట్టి నెట్ దగ్గరి మనిషి ముందుగా కదలడానికి జంకేది. కదిలితే ఖాళీ అయిన లైనులోంచి పోతుంది, కదలకపోతే అడ్డంగా పోతుంది. అరక్షణం తటపటాయిస్తే చాలు, బంతి తేలిపోతూ వచ్చేది, దాన్ని హింగిస్ ముగించేది. 2015లో వాళ్ళు గెలిచిన పాయింట్లలో ఎన్నో ఈ ఒక్క వరసలోనే నడిచాయి. హింగిస్ చివరి దెబ్బ కెమెరాకి దొరుకుతుంది, దానికి ముందు బేస్‌లైన్ నుంచి పడిన రెండు మోతలు దొరకవు.

టూర్ డబుల్స్‌లో ఇంకో నియమం ఉంది. డ్యూస్ (40-40) అయితే అడ్వాంటేజ్ ఉండదు, అంటే వరసగా రెండు పాయింట్లు గెలవక్కర్లేదు, ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది. ఆ పాయింటుకి తమలో రిటర్న్ ఎవరు చేయాలో సర్వీసు అందుకునే జంటే ఎంచుకుంటుంది. మంచి రిటర్న్ ఉన్న మనిషికి ఇది వరం. సింగిల్స్‌లో ఆవిడకి ఎప్పుడూ దొరకని సౌకర్యం: నీకిష్టమైన దెబ్బని, నీకిష్టమైన పాయింటుకి దాచుకోవచ్చు.

"డబుల్స్‌లో పెద్దవాళ్ళు ఆడరు కదా"

ఇది బలమైన అభ్యంతరం, తోసిపారేయడానికి వీల్లేదు. సింగిల్స్ పైవరసలో ఉన్నవాళ్ళు గ్రాండ్‌స్లామ్ డబుల్స్‌కి తరచూ దూరంగా ఉంటారు. విలియమ్స్ అక్కచెల్లెళ్ళు మనసైనప్పుడు వచ్చి మహిళల డబుల్స్‌లో 14 గ్రాండ్‌స్లామ్‌లు పట్టుకుపోయారు, ఒక్క ఫైనల్ కూడా ఓడలేదు. ఏడాదంతా డబుల్సే ఆడుతూ బతికేవాళ్ళకి ఇంతకన్నా చేదు లెక్క ఏముంటుంది?

డబ్బు కూడా అదే మాట అంటుంది. 2015 వింబుల్డన్‌లో సింగిల్స్ విజేతకి 18.8 లక్షల పౌండ్లు. డబుల్స్ గెలిచిన జంటకి 3.4 లక్షలు, మనిషికి 1.7 లక్షలు. సింగిల్స్ మొదటి రౌండ్లోనే ఓడినవాళ్ళకి 29,000. అంటే సింగిల్స్‌లో ఒక్క మ్యాచ్ గెలవకుండా ఆరుసార్లు ఓడితే, డబుల్స్ ఛాంపియన్ వాటాకి దాదాపు సమానం. మార్కెట్టు డబుల్స్‌ని ఎంతకి కడుతోందో దాచిందేమీ లేదు.

ఇంతవరకూ ఒప్పుకుంటాను. కానీ "మిగిలినవాళ్ళు ఆడే ఆట" అన్నప్పుడు సానియా, హింగిస్ ఆడిన ఆ 2015 వింబుల్డన్ డబుల్స్ ఫైనల్లో అవతల ఎవరున్నారో చూడండి. ఎకటెరినా మకరోవా: ఆ ఏడాది జనవరిలోనే ఆస్ట్రేలియన్ ఓపెన్ సింగిల్స్ సెమీస్ ఆడి, సింగిల్స్ టాప్ టెన్‌లోకి వచ్చిన మనిషి. పక్కన వెస్నినా: మరుసటి ఏడాది వింబుల్డన్ సింగిల్స్ సెమీస్, ఆ పై ఏడాది ఇండియన్ వెల్స్ సింగిల్స్ టైటిల్. వీళ్ళని మిగిలినవాళ్ళు అనగలమా?

ఆ మ్యాచ్ మొదటి సెట్ సానియా, హింగిస్ 5-7తో పోగొట్టుకున్నారు. రెండోది టైబ్రేక్‌లో దక్కింది. మూడో సెట్లో 2-5 వెనకబడ్డారు. అక్కడినుంచి 5-5కి లాక్కొచ్చేసరికి వెలుతురు తగ్గింది. ఆట ఆపి సెంటర్ కోర్ట్ పైకప్పు మూసి, దీపాలు వేశారు. తిరిగొచ్చి రెండు గేములు, 7-5. టూర్‌లో మూడో సెట్ బదులు ఆడే పది పాయింట్ల టైబ్రేక్ ఇక్కడ లేదు, డ్యూస్ దగ్గర ఒక్క పాయింటు సూత్రమూ లేదు. పూర్తి కొలతల మ్యాచ్. డబుల్స్ అంటే లాటరీ అనేవాళ్ళకి నేను చూపించేది ఈ మ్యాచే.

లాటరీ లాంటిది కూడా ఉంది, అదీ చెప్పాలి. 2016 రియో ఒలింపిక్స్ మిక్స్‌డ్ సెమీస్. సానియా, రోహన్ బోపన్న మొదటి సెట్ 6-2తో గెలిచారు. అవతల వీనస్ విలియమ్స్, రాజీవ్ రామ్. రెండో సెట్ 2-6. ఇక పది పాయింట్ల టైబ్రేక్‌లో 3-10. పది నిమిషాల్లో పతకం చేజారింది. కాంస్యం మ్యాచ్ కూడా పోయింది. సింగిల్స్ ఆడి పెరిగిన చేతులు డబుల్స్‌లో ఎంత పని చేస్తాయో ఆ రోజు వీనస్ చూపించింది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

భాగస్వామి అనే భాగ్యం

డబుల్స్‌ని తక్కువ చేసేవాళ్ళు చూడనిది ఇంకోటుంది. ఇందులో నీ ఫలితం ఇంకొకరి చేతిలో సగం ఉంటుంది. ర్యాంకు పాయింట్లు మాత్రం ఎవరివి వాళ్ళవే. ఏడాదిలో ఉత్తమమైన 11 టోర్నీల పాయింట్లు కలిపి ర్యాంకు కట్టేవారు. టోర్నీలో చోటు దొరకాలంటే ఇద్దరి ర్యాంకులూ కూడి చూస్తారు. కాబట్టి జంట విడిపోయినా మన పాయింట్లు మనతోనే వస్తాయి, కొత్త జోడీని వెతుక్కోవాలి, అంతే. ఆ "అంతే" దగ్గరే కెరీర్లు చెడిపోతాయి.

సానియా 2014 ముగింపులో కారా బ్లాక్‌తో సింగపూర్‌లో డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచింది, ఆఖరి మ్యాచ్ స్కోరు 6-1, 6-0. అలాంటి జోడీతో కూడా కొనసాగలేదు. 2015 జనవరిలో సిడ్నీలో బెథానీ మాటెక్-శాండ్స్‌తో టైటిల్, ఆ తర్వాత మెల్‌బోర్న్‌లో సె సు-వెయ్‌తో కలిసి ఆడింది. మార్చిలో హింగిస్. వెంటనే ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్ వరసగా మూడు టైటిళ్ళు. ఏప్రిల్ 13న సానియా ప్రపంచ నంబర్ వన్. భారతదేశం నుంచి ఏ మహిళా అంతకుముందు చేరని చోటు. మూడు నెలల్లో ముగ్గురు భాగస్వాములు! ఆట వచ్చినంత మాత్రాన ఇది కుదరదు, ఎవరి ఆట మన ఆటలో ఏ ఖాళీ పూడుస్తుందో తెలియాలి.

ఆ లోకం ఎంత చిన్నదంటే, ముఖాలు తిరిగి తిరిగి అవే ఎదురవుతాయి. 2011 పారిస్ ఫైనల్లో వెస్నినాతో కలిసి ఓడింది హ్లవచ్‌కోవా, హ్రడెట్‌స్కా చేతిలో. ఆ ఇద్దరినే 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో హింగిస్‌తో కలిసి ఓడించింది. రియోలో కాంస్యం లాక్కుపోయిన జంటలో మళ్ళీ హ్రడెట్‌స్కానే. ఇక సానియా, హింగిస్ వరసగా 41 మ్యాచ్‌లు గెలిచిన పరుగుని 2016 ఫిబ్రవరిలో దోహాలో ఆపింది ఎవరు? కసాత్కినాతో కలిసి వెస్నినా. మన పక్కన నిలబడి మన సైగలన్నీ చదివిన మనిషి.

ఆ ఆగస్టులో హింగిస్‌తో కూడా విడిపోయింది. ఇద్దరూ కలిసి 14 టైటిళ్ళు గెలిచాక. వెంటనే సిన్సినాటిలో బార్బొరా స్ట్రిట్‌సోవాతో ఆడి ఫైనల్ చేరితే, అవతల కోకో వాండెవెయ్‌తో హింగిస్. సానియా జంట 7-5, 6-4. అప్పటిదాకా ఇద్దరూ పంచుకుంటున్న నంబర్ వన్ ఆ మ్యాచ్‌తో సానియా ఒక్కదానిదే అయింది. హింగిస్ లేకపోతే సానియా ఎక్కడుండేది అనేవాళ్ళు ఈ స్కోరుని ఎందుకో తల్చుకోరు.

సాకేత్ లెక్క

పోలికకి మన సాకేత్ మైనేనిని చూద్దాం. 2014 ఇంచియాన్ ఏషియాడ్‌లో సానియాతో కలిసి మిక్స్‌డ్ స్వర్ణం గెలిచిన కృష్ణా జిల్లా కుర్రాడు. పొడుగు, పెద్ద సర్వీసు. సింగిల్స్‌లో 137వ ర్యాంకు దాకా వెళ్ళాడు. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో నేరుగా చోటు దొరికేది 104 మందికే. మిగిలిన 24లో 16 క్వాలిఫయర్లకి, 8 నిర్వాహకులు పిలిచి ఇచ్చే వైల్డ్ కార్డులకి. 137 అంటే ప్రతిసారీ మూడు రౌండ్లు ముందే ఆడాలి. 2016 యూఎస్ ఓపెన్‌లో అలా మూడూ గెలిచి లోపలికొచ్చి, యిర్షీ వెసెలీతో ఐదు సెట్లు ఆడి, కండరాలు పట్టేసి ఓడిపోయాడు. మొదటి రౌండుకి ముందే మూడు మ్యాచ్‌లు మోసుకొచ్చిన ఒళ్ళు అది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో, 36కి దగ్గరపడుతున్న వయసులో, రామ్‌కుమార్ రామనాథన్‌తో డబుల్స్ రజతం తెచ్చాడు. ఒళ్ళు అడిగినంత ఆట ఆడితే ఇంకెన్నాళ్ళు ఆడొచ్చో బోపన్న మరీ గట్టిగా చూపించాడు: 2024 జనవరిలో 43 ఏళ్ళకి డబుల్స్ నంబర్ వన్, ఆ నెలలోనే మాథ్యూ ఎబ్డెన్‌తో ఆస్ట్రేలియన్ ఓపెన్.

మరి ఆలస్యం అన్నానే

ఇక్కడ నా వాదన నాకే కొంచెం ఎదురు తిరుగుతుంది. 2009లోనే సింగిల్స్ ఆపేసి ఉంటే మోకాళ్ళు ఇంకొన్నాళ్ళు నిలిచేవేమో. కానీ బేస్‌లైన్ నుంచి అంత బలంగా, అంత ఒడుపుగా కొట్టే అలవాటు డబుల్స్ మ్యాచ్‌ల్లో నిలవదు. అక్కడ ఒక గేములో ఒక మనిషి కొట్టే పెద్ద దెబ్బలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డబుల్స్ మాత్రమే ఆడేవాళ్ళ చేతులు వాలీకి (బంతి నేల తాకకముందే కొట్టే దెబ్బకి) పదునెక్కుతాయి, రిటర్న్ మొద్దుబారుతుంది. సానియా విషయంలో ఆ నాలుగేళ్ళ సింగిల్స్ రిటర్న్‌ని పదునుగా ఉంచిందని ఎవరైనా అంటే కాదనలేను. 2011లో హెనిన్‌తో 7-5 సెట్టు, పారిస్ ఫైనల్, రెండూ ఒకే ఏడాదివి మరి.

కాబట్టి ఆలస్యం అన్న మాట మీద పట్టుబట్టను. తొందరపడింది అన్న మాటని మాత్రం ఒప్పుకోను.

ఆవిడ ఆఖరి టూర్ మ్యాచ్ 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో. 18 ఏళ్ళ కింద కుజ్నెత్సోవాని ఓడించిన టోర్నీయే. మాడిసన్ కీస్‌తో కలిసి డబుల్స్ మొదటి రౌండు. అవతల వెరోనికా కుదెర్మెతోవా, లుద్మిలా సమ్సోనోవా, ఇద్దరూ అప్పుడు సింగిల్స్‌లో మొదటి 20 మందిలో ఉన్నవాళ్ళు. 4-6, 0-6.